కాయ పడే చోటు

అంబిగ ఎవరినైనా తిట్టాలంటే తెలుగులో తిట్టేది. ముద్దుగా పిలవాలన్నా తెలుగే. మలేసియాలోని తెలుక్ ఇంటాన్‌లో ఆమె నడిపిన బడి క్యాంటీన్‌కి మలయ్ పిల్లలు, చీనా పిల్లలు, తమిళ పిల్లలు అందరూ వచ్చేవాళ్ళు. మామూలుగా ఎవరి భాషలో వాళ్ళకి బదులిచ్చేది గాని, కోపం వస్తే మాత్రం అందరికీ ఒకటే భాష. "కూకో, తిను, ఎల్లు" అనే మాటలు ఆ బడిలో చదివిన ప్రతి పిల్లకీ వచ్చు. అలాంటి మనిషి, సాటి తెలుగువాడైన రవిచంద్రన్ మాస్టారితో మాత్రం మలయ్‌లో మాట్లాడేది. ఆయన తెలుగులో పలకరించేవాడు, ఆమె మలయ్‌లో జవాబిచ్చేది. గుడి దగ్గర, పెళ్ళి పందిట్లో, తెలుగు సంఘం వాళ్ళ విందులో, ఎక్కడ ఎదురుపడినా అంతే. ముక్కూ మొహం తెలియని ఆఫీసరుతో మాట్లాడే మర్యాద మలయ్ అది. తిట్టు కంటే అదే ఎక్కువ తగులుతుందని ఆమెకి తెలుసు. తగలాలనే అలా మాట్లాడేది.

ఇప్పుడు అంబిగ లేదు. ఆమె చేతివంట గురించి, పిల్లలకి పెట్టిన అన్నం గురించి చెప్పేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు. వాళ్ళని చెప్పుకోనీ. ఆమె బతుకుని నిలబెట్టింది మాత్రం ఆ కోపమే.

ఆమె పుట్టింది బాగన్ దాతుక్ దగ్గర ఒక కొబ్బరి ఎస్టేట్‌లో. సముద్రపు గాలికి అన్ని చెట్లూ ఒకే పక్కకి వాలి ఉండే తోట అది. తండ్రి పైడయ్య పొడుగాటి దోటికి కొడవలి కట్టి కింద నుంచే గెలలు కోసేవాడు. తల్లి ఎర్రమ్మ రాలిన కాయలు పోగుచేసేది. బడి లేని రోజుల్లో పిల్లలు అంబిగ, అన్న తాతబాబు కూడా తల్లి వెనకాల తిరిగేవాళ్ళు.

ఆ తోటల్లో పుట్టిన పిల్లలకి నడక వచ్చాక మొట్టమొదట నేర్పేది ఒకటుంది. పైన చప్పుడైతే పైకి చూడకూడదు. టౌను నుంచి వచ్చినవాళ్ళు చప్పుడు వినగానే తలెత్తుతారు. ఏమిటా అని చూసేలోగా కాయ వచ్చి మొహం మీద పడుతుంది. ఎస్టేటు పిల్లలు తల దించుతారు. కొడవలి ముచ్చికని కోసిన చప్పుడు ఎంత ఎత్తు నుంచి వచ్చింది, చెట్టు ఎటు వాలి ఉంది, గాలి ఎటు తోస్తోంది, ఇవన్నీ చెవికీ ఒంటికీ తెలియాలి. కంటితో పనిలేదు. ఎర్రమ్మ పిల్లల నెత్తి మీద మొట్టి మరీ నేర్పింది. కాయ పడే చోటు తెలిస్తేనే కదే తప్పుకోడానికి, అనేది.

తాతబాబు తప్పుకోవడం నేర్చుకున్నాడు. అంబిగ అంతటితో ఆగలేదు. చప్పుడు వినగానే తల వంచుకుని, తప్పుకోవలసింది పోయి, కాయ పడబోయే చోటుకే పరిగెత్తేది. జానెడు దూరంలో ఆగేది. కాయ దబ్బున నేలకి తగలగానే దాని మీద కాలు పెట్టేది. పైడయ్య దోటి పట్టుకుని అక్కణ్ణుంచే కేకలేసేవాడు. ఎర్రమ్మ కాయ పీచు తీసుకుని వెంటపడేది. ఆ పిల్ల మాత్రం నవ్వుతూ ఇంకో చెట్టు కిందకి పోయేది.

పెద్ద బడికి తెలుక్ ఇంటాన్ వచ్చాక అక్కడ ఆమెకి సాఫ్ట్‌బాల్ దొరికింది. అది బేస్‌బాల్‌కి చెల్లెలు లాంటి ఆట. బంతి కాస్త పెద్దది, మైదానం కాస్త చిన్నది. ఒకమ్మాయి విసురుతుంది, ఒకమ్మాయి బ్యాట్‌తో కొడుతుంది. బంతి గాల్లోకి లేచిందంటే దూరంగా, అవుట్‌ఫీల్డ్‌లో నిలబడ్డవాళ్ళు పరిగెత్తి పట్టుకోవాలి. అక్కడ నడుమన ఉండే చోటు సెంటర్ ఫీల్డ్. అంబిగని మొదటిరోజు అక్కడ నిలబెట్టారు, తరవాత ఇంకెక్కడా నిలబెట్టలేదు. బ్యాట్‌కి బంతి తగిలిన చప్పుడు ఆమెకి ముచ్చిక తెగిన చప్పుడులాగే వినబడింది. తల దించేది, వెనక్కి తిరిగేది, పరిగెత్తేది. ఆగి చెయ్యి చాపేసరికి బంతి అక్కడికి వచ్చేది. ఎలా పట్టుకున్నావని తోటి ఆడపిల్లలు అడిగేవాళ్ళు. కాయ పడే చోటు కాయకి తెలుసు, నాకూ తెలుసు, అనేది.

పేరాక్ రాష్ట్ర జట్టుకి ఎంపిక రాజధాని ఇపోలో జరిగింది. రవిచంద్రన్ అప్పటికి కుర్రాడు, కొత్తగా చేరిన డ్రిల్లు మాస్టారు. ఎంపిక చేసేవాళ్ళలో ఆయన్ని కూచోబెట్టడం అదే మొదటిసారి. మాస్టార్లని అక్కడ అందరూ చేగు అంటారు. ఎంపిక కోసం వచ్చిన పిల్లల్లో తెలుగు పిల్ల తనొక్కతే అని, ఎంపిక చేసేవాళ్ళలో ఒక తెలుగు చేగు కూడా ఉన్నాడని తెలిసి అంబిగకి ధైర్యం వచ్చింది. ఆ రోజు ఆమె వదిలిన బంతి లేదు.

సాయంత్రం పిల్లలందరినీ వరసగా నిలబెట్టి ఎవరిలో ఏం లోపమో చెప్పారు. అంబిగ వంతు వచ్చేసరికి రవిచంద్రన్ లేచాడు.

"తల వంచుకుని పరిగెత్తేది మేక," అన్నాడు తెలుగులో. "ఆటగత్తె బంతిని సూత్తాది."

అది ఆమెకి. ఆ తరవాత అదే మాట మలయ్‌లో అందరికీ చెప్పాడు. వరసంతా నవ్వింది. కంబింగ్ అంటే మేక. ఎంపికైన పిల్లల్లో ఆమె పేరు లేదు. తిరుగు బస్సులో ఎవరో వెనక సీటు నుంచి మేకలా అరిచారు. బడి అయిపోయేదాకా ఆ పేరు ఆమెని వదల్లేదు. బడి అయిపోయాక కూడా, క్యాంటీన్ పెట్టిన కొత్తలో, ఒకప్పటి తోటి ఆటగత్తె ఒకావిడ పిల్లని చేర్చడానికి వచ్చి, ఓ కంబింగా నువ్వా, అని ఆప్యాయంగా పలకరించింది. అంబిగ ఆవిడ పళ్ళెంలో సాంబల్ పచ్చడి వెయ్యలేదు.

ఇపో నుంచి వచ్చిన ఆ రోజు మొదలు రవిచంద్రన్‌తో ఆమె తెలుగు మాట్లాడలేదు. తన పరువు తీసింది మలయ్‌లో కాబట్టి, ఇక ఆయనకి దక్కేది అదే భాష.

ఆమె మళ్ళీ ఆడలేదు. తినగరన్‌ని చేసుకుంది. పామాయిల్ గెలల లారీ నడిపే మనిషి, దేనికీ గొంతు పెంచడు. ఒక కూతురు పుట్టింది, పేరు సుమిత. కూతురికి నడక రాగానే చేతిలో టెన్నిస్ బంతి పెట్టింది. ఇంటి వెనక సందులో గోడకి కొట్టించేది. తరవాత్తరవాత మైదానానికి తీసుకెళ్ళి, ఎత్తుగా విసిరి పట్టించేది. ప్రతి బంతికీ ఒకటే మాట, పైకి చూడు. పిల్ల ఎప్పుడైనా తల దించిందంటే వీపు మీద ఒక్కటి పడేది. ఏ లోపం చెప్పి తనని తోసేశారో అది కూతురిలో మచ్చుకైనా మిగలకూడదు. ఒకనాడు ఆ చేగు ఈ పిల్లని చూడాలి, వంక పెట్టడానికి చోటు దొరక్క నోరు మూసుకోవాలి. ఆమె ఊహ అది. దాని కోసం ఏళ్ళ తరబడి పని చేసింది. తినగరన్ ఒకసారి అడిగాడు, పిల్ల ఆట కోసం ఆడుతోందా, నీ పగ కోసమా అని. ఆ రాత్రి అతని కూరలో ఉప్పు లేదు.

ఈలోగా రవిచంద్రన్ ముసలివాడయ్యాడు. ఉద్యోగం అయిపోయినా జట్టుకి పిల్లల్ని వెతికిపెట్టే పని ఆయనదే. కింది పేరాక్ జిల్లా అంతా, ఏ బడిలో ఆట జరిగినా ఆయన గొడుగు కనబడేది. ఆయన పద్ధతి వేరు. జనంలో కూచోడు, కొట్టే అమ్మాయి వెనకాల నిలబడడు. మైదానం చివర, కంచె అవతల, అవుట్‌ఫీల్డ్ పిల్లల వీపుల వైపు నిలబడతాడు. బంతి పట్టడం కాదు చూడవలసింది, బ్యాట్ చప్పుడైన క్షణంలో వీపు ఏం చేస్తుందో చూడాలి, అనేవాడు. ఆయన చూస్తున్నట్టు ఆ పిల్లలకే తెలిసేది కాదు. ఆయన చూసి పంపిన పిల్లలు కొందరు దేశం జట్టుదాకా వెళ్ళారు. ఎవరినీ మెచ్చుకున్నట్టు మాత్రం ఎవరూ వినలేదు. నోరు అలాంటిది.

జిల్లా పోటీలు తెలుక్ ఇంటాన్‌లో జరిగినప్పుడు సుమితకి పదిహేడు నడుస్తోంది. రాష్ట్ర జట్టులోకి పోవడానికి వయసు ప్రకారం ఆమెకి అదే ఆఖరి ఏడు. ఆ జట్టులోంచే దేశం జట్టుకి ఎత్తుకుంటారు. ఈసారి తప్పితే ఇక లేదని తల్లికీ తెలుసు, కూతురికీ తెలుసు. ఆ రోజు సుమిత అన్నీ పట్టింది. కళ్ళు పైకి, మోచేతులు లోపలికి, పాఠంలో చెప్పినట్టు ఆడింది. ఆట అయ్యాక రవిచంద్రన్ గొడుగు ముడిచి తిన్నగా క్యాంటీన్‌కి వచ్చాడు. పాలు లేని టీ అడిగాడు. ఆయనకి చక్కెర జబ్బని ఊరంతటికీ తెలుసు. అంబిగ గ్లాసులో సగందాకా చక్కెర పోసి, మీద టీ వంచి, ముందు పెట్టింది. ఆయన గ్లాసుని చూసి, పక్కకి జరిపి, ఎవరు పాడుచేసినారు ఈ పిల్లని, అని అడిగాడు.

అంబిగ మలయ్‌లో, చేగు ఏమంటున్నారో అర్థం కాలేదని చెప్పింది.

"అర్థమవుతాది," అన్నాడాయన. "బంతి లేచినాక సూత్తాది, సూసినాక కాలు కదుపుతాది. ఆలోపు బంతి దాటిపోద్ది. బళ్ళో ఆటకి సాలు, ఆపైన పనికిరాదు. నీ కూతురన్నారని వచ్చినాను. నీలాగ పరిగెత్తుతాదనుకున్నాను."

అంబిగ చేతిలో గరిటె ఉంది. అది కింద పెట్టింది, ఎందుకైనా మంచిదని. ఇపోలో ఎంపికకి పిలుస్తానని, ఇలాగే వస్తే మాత్రం తనే వద్దంటానని ఆయన చెప్పాడు. టీ ముట్టకుండా లేచి వెళ్ళిపోయాడు. ఆ గ్లాసుని అంబిగ బయటికి విసిరింది. అది కాలవ గట్టున పడి కూడా పగల్లేదు, ప్లాస్టిక్‌ది. దానితో ఆమె కోపం ఇంకా పెరిగింది.

ఇంటికి వెళ్ళి ఆమె అన్న మాటలు రాయదగ్గవి కావు. ఏ పరుగుకి మేక అన్నాడో ఇప్పుడు ఆ పరుగే కావాలంటాడు. ఒళ్ళు హూనం చేసుకుని కూతురిలోంచి దాన్ని తుడిచేస్తే, పాడుచేశావంటాడు. ఆ మనిషి దయతో వచ్చే ఆట అక్కర్లేదు, ఇపో వెళ్ళేది లేదు, అని తేల్చేసింది. తినగరన్ పళ్ళెం ముందు కూచుని, వింటూ అన్నం కలుపుకున్నాడు. సుమిత మాత్రం ఊరుకోలేదు. ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది గాని నోట్లోంచి తమిళమే ముందు వస్తుంది. ఆ రోజు వెతుక్కుని వెతుక్కుని, అక్కడివాళ్ళ అలవాటు 'లా' ఒకటి తగిలించి, తెలుగులోనే అంది.

"అమ్మా, నీ గొడవ నీది లా. ఆట నాది. నాను ఎల్తాను."

అని ఊరుకుందా, ఆ పరుగేదో నాకు నేర్పుతావా లేదా, అని నిలదీసింది. అంబిగ లేచి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. కడిగినవే మళ్ళీ కడిగింది. ఆయన మాట వినడం అంటే తను ఓడిపోవడం. వినకపోతే కూతురు ఓడిపోతుంది. తెల్లారి తినగరన్ లారీ తియ్యబోతుంటే, సెలవుల్లో బాగన్ దాతుక్ పోతున్నాం, అని మాత్రం చెప్పింది.

ఎర్రమ్మ అప్పటికింకా ఎస్టేటు ఇంట్లోనే ఉండేది, కొడుకు తాతబాబు దగ్గర. నడుం వంగింది గాని నోరు వంగలేదు. వచ్చిన పని విని అంబిగని ఎగాదిగా చూసింది. నానేదో సాకిరీ సేసి మొట్టి నేర్పితే, ఆ సచ్చినోడు ఒక్క మాటన్నాడని పిల్లగుంటలోంచి అది తుడిచేసినావేటే, అంది. నీకు బుర్ర లేదని నాకు అప్పుడే తెలుసు. అందుకే కాయ నెత్తిన పడితే భయమేసేది కాదు నాకు, అందులో ఏటుంది దెబ్బతగలడానికి. సుమిత ఫక్కున నవ్వింది. అంబిగ నవ్వలేదు.

తండ్రి పోయాక ఆ దోటి తాతబాబు చేతికి వచ్చింది. మేనకోడలి నెత్తిన మోటారుసైకిల్ హెల్మెట్ పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించి, వాలు చెట్ల కింద నిలబెట్టారు. మొదటి చప్పుడుకే పిల్ల తలెత్తింది. తల్లి అన్నేళ్ళు వీపు మీద కొట్టి నేర్పిన పాఠం ఎక్కడికి పోతుంది. కాయ భుజానికి వెంట్రుకవాసిలో దూసుకుపోయి మట్టిలో దిగబడింది. ఎర్రమ్మ పీచు తీసి మనవరాలి మీదికి విసిరింది. మూతి పచ్చడైపోద్దే, మీ అమ్మ మాట వింటే, అంది. తరవాతి కాయకీ అంతే, ఆ తరవాతా అంతే. తాతబాబు దోటి కింద పెట్టేసి, దీనికి దెబ్బ తగిలితే బావకి నేనేం చెప్పుకోను, అని కూచున్నాడు.

అప్పుడు అంబిగ తన తలగుడ్డ విప్పి కూతురి హెల్మెట్ మీద నుంచి కళ్ళకి అడ్డంగా కట్టింది. నేల మాత్రం కనబడేలా. వినమంది. పరిగెత్తొద్దు, చెయ్యి చాపి కాయ ఎక్కడ పడుతుందో చూపించమంది. తను ఎడంగా నిలబడి అన్న చేత గెలలు కోయించింది. సుమిత ఎటో చూపించేది, కాయ ఇంకెటో పడేది. ఎర్రమ్మ తిట్లతో ఆ పూట గడిచింది, మర్నాడూ గడిచింది. ఒకరోజు పిల్ల వేలు చాపిన వైపే కాయ పడింది. తండ్రీకొడుకుల్లాంటి రెండు చెట్లు పక్కపక్కన ఉన్నచోట, ఏ చెట్టుదో కూడా చెప్పింది. ఆ తరవాత గుడ్డ విప్పేశారు. పరిగెత్తమన్నారు. సెలవులు అయిపోవచ్చేసరికి సుమిత తల దించి వెళ్ళి, జానెడు కాకపోయినా మూరెడు దూరంలో ఆగుతోంది. ఎర్రమ్మ ముక్కు చీది, పరవాలేదు, మీ అమ్మ అంత పిచ్చిది కాదు నువ్వు, అంది. ఆ ఇంట్లో మెచ్చుకోలు అంతకంటే పైకి పోదు.

ఇపోలో ఎంపిక రోజున రాష్ట్ర జట్టు కోచ్ ఫెలీషియా తనే బ్యాట్ పట్టుకుని బంతులు లేపింది. ఆమెది కౌలాలంపూర్ వైపు స్థిరపడ్డ తెలుగు క్రైస్తవుల కుటుంబం. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడదు. పుస్తకం ప్రకారం పోయే మనిషి. రవిచంద్రన్ ఎప్పటిలాగే కంచె అవతల, పిల్లల వీపుల వైపు నిలబడ్డాడు. తల్లిదండ్రులకి ఇటుపక్క రేకుల షెడ్డు ఇచ్చి, అరవకూడదని ముందే చెప్పారు.

సుమిత మొదటి బంతికి తలెత్తింది. కొబ్బరితోట వేరు, జనం చూస్తుండగా నిలబడ్డ మైదానం వేరు. సగంలో గుర్తొచ్చి దించింది. అటూ కాక ఇటూ కాక బంతి ఆమె వెనక పడింది. రెండోదీ పోయింది. ఫెలీషియా పక్కవాళ్ళతో ఏదో అని తల అడ్డంగా ఊపింది. షెడ్డులో అంబిగ లేచి నిలబడింది.

"తల దించే!"

ఆ అరుపు మైదానం చివరిదాకా పోయింది. ఒక మాస్టారు పరిగెత్తుకొచ్చి, ఇంకోసారి అరిస్తే బయటికి పంపిస్తామన్నాడు. ఆమె క్షమించమని మలయ్‌లో చక్కగా చెప్పి కూచుంది. అరిచిన మాట అర్థమైనవాళ్ళు అక్కడ కొద్దిమందే. వాళ్ళలో ఒకడు కంచె అవతల ఉన్నాడు.

మూడో బంతిని ఫెలీషియా కసిగా కొట్టింది. సుమిత నెత్తి మీదుగా, చాలా పైనుంచి. చప్పుడుతోపాటే పిల్ల తల వంగింది, వీపు తిరిగింది. కొట్టినవాళ్ళకి వెన్ను చూపించి, బంతిని ఒక్కసారైనా చూడకుండా, కంచె వైపు పరిగెత్తింది. షెడ్డులో ఎవరో నవ్వారు కూడా. కంచెకి నాలుగడుగుల దూరంలో ఆగి, ఇటు తిరిగి, గ్లవ్ ఎత్తింది. బంతి వచ్చి అందులో పడింది.

అదృష్టం అంది ఫెలీషియా, అందరికీ వినబడేలా. ఇంకొకటి కొట్టింది, ఈసారి రెండోపక్కకి, ఇంకా లోతుగా. సుమిత అక్కడికీ చేరింది. బంతి మాత్రం గ్లవ్ అంచుకి తగిలి జారిపోయింది.

ఎంపికవాళ్ళు చెట్టు కింద చేరి వాదించుకోవడం షెడ్డులోకి వినబడుతూనే ఉంది. బంతిని చూడని పిల్లని అవుట్‌ఫీల్డ్‌లో పెట్టలేనంది ఫెలీషియా. రవిచంద్రన్ కంచె చుట్టూ తిరిగి, గొడుగు ఊపుకుంటూ వచ్చాడు. పట్టడం నువ్వు నేర్పుకో, దానికే నీకు జీతం, బంతిని చేరడం నేర్పడం మాత్రం నీవల్ల కాదు, నీ పిల్లలు బంతి కింద పడ్డాక ఏరుకునే రకం, అన్నాడు. ఆమె మొహం ఎర్రబడింది. తెలుగు పిల్ల కాబట్టి వెనకేసుకొస్తున్నారా, అని ఇంగ్లీషులో అడిగింది. ఆయన గొడుగు నేలకి ఆనించాడు. అవును, అలాగే రాసుకో, అన్నాడు.

పేర్లు చదివారు. సుమిత పేరు చివర్లో ఉంది, అయినా ఉంది.

అంబిగ కూతురి సంచీ సర్దుతుంటే ఆయన షెడ్డు దగ్గరికి వచ్చాడు. సుమిత కొత్త జట్టు పిల్లలతో నీళ్ళ కొళాయి దగ్గర ఉంది. అంబిగ మలయ్‌లో కృతజ్ఞతలు చెప్పింది, బ్యాంకులో గుమాస్తాకి చెప్పినట్టు. ఆయన అది విననట్టు, ఈ పరుగు మీ అమ్మే నేర్పినాదా, అని తెలుగులో అడిగాడు.

అంబిగ సంచీ జిప్పు వేసింది. ఇన్నేళ్ళ తరవాత ఆయనతో తెలుగు మాట్లాడింది.

"నాకూ ఆవిడే నేర్పింది. అప్పుడు ఇక్కడే, ఇలాగే పరిగెత్తినాను. కళ్ళు ఆననోడు మేక అనక ఏటంటాడు, గుడ్డోడి మీద కోపమేటి అని శానాసార్లు అనుకున్నాను. మా ఆయనతో కూడా అన్నాను."

"సూసినాను," అన్నాడు రవిచంద్రన్.

ఆమెకి అర్థం కాలేదు. ఆయన గొడుగు కొనతో నేల మీద గీస్తూ చెప్పాడు. ఆ రోజున కూడా కంచె అవతలే నిలబడినాను. అలాటి పరుగు అంతకుముందు సూడలేదు, ఆ తరవాతా సూడలేదు, ఇయ్యాల్టిదాకా. నాను కొత్తగా వచ్చినోడిని. ఉన్న ఒక్క తెలుగోడు, వచ్చిన ఒక్క తెలుగు పిల్లని ఎత్తుకున్నాడంటారని భయమేసింది.

"అందుకని వద్దన్నారు. సరే," అంది అంబిగ. "మేక ఎందుకన్నారు?"

"వట్టినే వద్దంటే నమ్మరు."

ఆయన ఇంకేదో చెప్పబోయాడు. కారు ఉంది, తెలుక్ ఇంటాన్‌దాకా దింపుతాననో ఏమో. అంబిగ సంచీ భుజాన వేసుకుంది. మేము బస్సులో వెళ్తాం చేగు, అని మలయ్‌లో చెప్పింది. గుడ్డివాడని తను ఇన్నాళ్ళూ ఇచ్చుకున్న ఆ కాస్త మినహాయింపు కూడా అక్కడే తీసేసింది.

బస్సులో సుమిత కిటికీ పక్కన కూచుని, ఫెలీషియా కోచ్ నవ్వనే నవ్వదట, బూట్లు కొత్తవి కొనాలట, అని తమిళంలో ఆగకుండా చెప్పింది. చాలాసేపటికి, ఆ తాత నీతో ఏమన్నాడమ్మా, అని అడిగింది. తరవాత సెప్తాను, పడుకో, అంది అంబిగ. తను మాత్రం బస్సు దిగేదాకా కన్ను మూయలేదు.

సుమితని రాష్ట్ర జట్టులో మొదట బెంచీ మీద కూచోబెట్టారు. ఒకసారి సెంటర్ ఫీల్డ్ పిల్ల కాలు బెణికితే దింపారు, ఆ తరవాత ఆ చోటు మళ్ళీ ఎవరికీ ఇవ్వలేదు. ఆ మరుసటి ఏడు దేశం జట్టు వాళ్ళు పిలిచారు. ఆమె ఆడిన ప్రతి ఆటకీ అంబిగ వెళ్ళేది. రవిచంద్రన్ కూడా వెళ్ళేవాడు. ఆయన గొడుగు మైదానానికి ఏ చివర కనబడితే ఆమె రెండో చివరికి మారిపోయేది. ఒక ఆటలో వాన వచ్చి, తల దాచుకోడానికి చోటు ఆయన ఉన్నవైపు తప్ప ఇంకెక్కడా లేకపోయింది. ఆమె ఆట అయ్యేదాకా వానలోనే నిలబడింది.

జబ్బు అని తెలిసిన కొద్ది నెలలకే అంబిగ పోయింది. ఎర్రమ్మ కంటే ముందే పోయింది. కర్మ రోజున ఇంటి ముందు వేసిన రేకుల పందిట్లో ఎర్రమ్మ కూతురిని తిడుతూనే ఏడ్చింది, పైకి సూడకే అని సెప్పినాను, తప్పుకోమని సెప్పినాను, అంటూ. భోజనాలవేళకి రవిచంద్రన్ వచ్చాడు, ఎవరూ పిలవకుండానే. తినగరన్ కుర్చీ వేశాడు. సుమిత తల్లి క్యాంటీన్ గ్లాసులో టీ తెచ్చి ఇచ్చింది. ఆయన ఒక గుక్క తాగి, గ్లాసు మోకాలి మీద పెట్టుకున్నాడు. టీ నిండా చక్కెర.

మీ అమ్మ నీతో నా గురించి ఏటైనా సెప్పిందా, అని తెలుగులో అడిగాడు.

సుమిత మలయ్‌లో జవాబిచ్చింది. చేగు అప్పుడు ఇపోలో చూశారని చెప్పింది, అంది.

పందిట్లో వాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. ఈకాలం పిల్ల కదా, తెలుగు రాక అలా మాట్లాడిందనుకున్నారు. ఆయన గ్లాసు ఎత్తి మిగతా టీ కూడా తాగాడు. సుమిత ఎదురుగా నిలబడి, ఖాళీ గ్లాసు కోసం చెయ్యి చాపింది.